ట్యాంకు మీది అంకె

బండి తిరిగొచ్చింది.

పదిహేను రోజులు పోలీసు స్టేషను ఆవరణలో ఎండకు ఎండిన మోటార్‌సైకిల్‌ని మెకానిక్ నడుపుకుంటూ తెచ్చి, మెట్ల పక్కన దాని పాత చోటులోనే స్టాండు వేశాడు. హ్యాండిల్ కాస్త వంకరపోయింది. ఒక అద్దం లేదు. అంతే. లారీ తొక్కింది బండిని కాదు, దాని మీంచి పడ్డ మనిషిని.

ఆ మనిషి భార్య పై మెట్టు మీద నిలబడి చూసింది. ఏడుపు రాలేదు. ఈ పదిహేను రోజుల్లో ఒక్కసారీ రాలేదు. రాయిలా అయిపోయిందని చూడ్డానికొచ్చినవాళ్లు గుసగుసలాడుకున్నారు. అవునేమో అనుకుంది. పిన్నీసుతో బొటనవేలి గోటి సందులోని నలుపు గీక్కుంటూ నిలబడింది. ఎంత తోమినా అది పోవడం లేదు.

కుర్చీలో కూర్చున్న బావగారు, చనిపోయినవాడి అన్న, చేతిలో కాగితం మడత విప్పాడు.

"వాడి లెక్క తప్పదమ్మా. అదే నాకు మింగుడుపడటం లేదు."

తప్పదు. అతను ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ కాంపౌండరు. బండికి పెట్రోలు ముల్లు లేదు. అందుకని ట్యాంకు మీద, గాయాలకు వేసే తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించాడు. ట్యాంకు నింపిన ప్రతిసారీ మీటర్లో ఉన్న కిలోమీటర్లు చూసి దాని మీద రాసేవాడు. నిండు ట్యాంకుకు నాలుగొందల యాభై కిలోమీటర్లు. ఆ పైన బండి దగ్గుతుంది. ఎడమ మోకాలి దగ్గర చిన్న మీట తిప్పితే, అడుగున రిజర్వులో దాచిన రెండు లీటర్లు అందుతాయి.

ఎనిమిదేళ్లలో అతను ఆ మీట ముట్టుకోలేదు. నాలుగొందలు కాగానే బంకుకు వెళ్లేవాడు. బండి దగ్గేదాకా ఆగడం తెలివితక్కువవాళ్ల పని అనేవాడు. ఆసుపత్రిలో అందరూ అతన్ని లెక్కల కాంపౌండరు అనేవాళ్లు. ఇంట్లోనూ అంతే. పొద్దున పదికి పడుకుంటే సాయంత్రం నాలుగు దాకా ఇల్లు కూలినా లేచేవాడు కాదు. ఆ ఆరు గంటలు ఇల్లు ఆమెది.

మెకానిక్ ప్లాస్టర్ మీది అంకె మీద వేలు పెట్టాడు. "నలభై ఒక్కవేల రెండొందల అరవై. ప్రమాదమైన సాయంత్రం మీటర్లో నలభై ఒక్కవేల ఐదొందల డెబ్బై ఉంది. అంటే తిరిగింది మూడొందల పదే. రిజర్వుకి పైన ఇంకా మూడు లీటర్లుండాలక్కా. ఒక్క చుక్క లేదు."

లారీని దాటబోతుంటే బండి దగ్గింది. ఎదురుగా ఇంకో లారీ. మీట సగం తిరిగి ఉందని మెకానిక్ చెప్పాడు. చేత్తో తడుముకుని ఉంటాడు, అలవాటు లేని మీట కదా అన్నాడు.

"మీటరే తప్పు చూపిస్తోందేమో?" బావగారు అడిగాడు.

"స్టేషను నుంచి ఇక్కడికి నాలుగు కిలోమీటర్లు. సరిగ్గా నాలుగే తిరిగింది. మీటరు బంగారం."

అయితే దొంగతనమే. బావగారు ఆ మాట పదిహేను రోజులుగా అంటున్నాడు. కింద వాటాలో ఉండే దర్జీకి పాత మోటార్‌సైకిల్ ఉంది. రబ్బరు గొట్టం ఉంది. మూణ్ణెల్లుగా ట్యాంకు నింపినప్పుడల్లా నాలుగు గుక్కలు ఎక్కువ పడుతోందని తమ్ముడు సణిగేవాడు కూడా. కింద దర్జీని ఓ కంట కనిపెట్టు అని ఆమెకు చెప్పాడు. సరేనని తలూపింది. ఇప్పుడా దర్జీ మూడు రోజులుగా స్టేషనులో ఉన్నాడు. ఆమె సంతకం పెట్టిన ఫిర్యాదు ఒక్కటే తక్కువ.

దర్జీ భార్య వచ్చి మెట్ల కింద నిలబడింది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

"అక్కా, ఆయన దారప్పోగు కూడా అడక్కుండా తీసుకోడు. మీరు పగలంతా ఇంట్లోనే ఉంటారుగా. ఆయన బండి దగ్గరికి రావడం చూస్తే చూశానని చెప్పండి. లేకపోతే లేదని చెప్పండి. ఏదో ఒకటి చెప్పండక్కా."

ఆమె కుడి పిక్క మీద పాత కాలిన మచ్చ దురద పెడితే రెండో కాలితో రుద్దుకుంది. సైలెన్సరు మచ్చ. బండి వెనక కూర్చునే ఆడవాళ్లకు మామూలే. తనూ నేర్చుకుంటానని పెళ్లయిన కొత్తలో ఒకసారి అడిగింది. అంత బరువు నీకెందుకు, వెనక కూర్చో చాలు అన్నాడు. రెండోసారి అడగలేదు.

"సంతకం పెట్టమ్మా," బావగారు కాగితం, పెన్ను అందించాడు. "వాడి ఉసురు ఊరికే పోకూడదు." మెకానిక్ వైపు తిరిగి, "ఎవరైనా కొనేవాళ్లుంటే చూడు. ఇంట్లో నడిపేదెవరు దాన్ని?" అన్నాడు.

ఆమె కాగితం మొదటినుంచి చివరిదాకా చదివింది. పెన్ను మూత పెట్టేసి, రెండూ కుర్చీ చేతి మీద ఉంచింది. మెట్లు దిగింది.

"తాళం ఇలా ఇవ్వు తమ్ముడూ."

అర్థం కాకపోయినా మెకానిక్ ఇచ్చాడు. బావగారు లేచి నిలబడ్డాడు. దర్జీ భార్య పక్కకు జరిగింది.

ఆమె ముందుచక్రం దగ్గర గొంతుక్కూర్చుని, అక్కణ్ణుంచి వెళ్లి మీటరును తిప్పే కేబుల్ నట్టును రోజూ చేసే పనిలా రెండు వేళ్లతో మూడు చుట్లు విప్పి, బండెక్కి, ఒక్క కిక్కుకే స్టార్టు చేసి, వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చి సరిగ్గా బావగారి ముందు ఆపింది, మీటర్లో అంకె ఎక్కడిదక్కడే ఉంది.