మబ్బుల్ని తరిమే రాట్నం

"దించండప్పా! ఆ రాట్నం దించితే గానీ వాన రాదు!"

కేకలు వాగు దాటి దగ్గరికి వస్తున్నాయి. ఎర్రప్ప రాట్నం గుంజను పట్టుకుని నిలబడ్డాడు. పక్కనే అతని భార్య కదిరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నల్లమాడ చుట్టుపక్కల ఏ తిరునాళ్లకైనా ఎర్రప్ప చెక్క రాట్నం ఉండాల్సిందే. నాలుగు తొట్లు, చేత్తో తిప్పేది. పైకి పోయిన తొట్టి దబ్బున కిందికి దిగుతుంటే మీసాలున్న మగవాళ్లు కూడా "నాయనో" అని అరిచేవాళ్లు. దిగి, సిగ్గు లేకుండా మళ్లీ ఎక్కేవాళ్లు.

అలాంటి రాట్నం మీద మూడేళ్ల కరువు నింద పడింది. పైకి లేచే తొట్లు మబ్బుల్ని తరిమేస్తున్నాయని ఒక మాట పుట్టింది. పుట్టి వారమైనా కాలేదు, ఊరూరా పాకింది. వానలకు కరువుగానీ మాటలకు కరువేముంది?

"ఎవురి నోట పుట్టిందో, వాని నోరు పడిపోను!" అంది కదిరమ్మ. "పోయి చెప్పయ్యా, చెక్కకూ మబ్బుకూ ఏం సంబంధమని. బొమ్మ మాదిరి నిలబడితే ఎట్ల?"

"నేను చెప్తే ఎవురింటారే?" అన్నాడు ఎర్రప్ప.

అదీ నిజమే. ఇరుసు పాతబడింది, ఇంక రాట్నం చాలిస్తానని పోయినేడూ ఈ ఏడూ ఊరి పెద్ద హనుమంతరాయుణ్ణి బతిమాలాడు. "రాట్నం లేని తిరునాళ్లేందప్పా? నీ ఇరుసు నీకంటే గట్టిగా ఉండాది. తిప్పకపోతే ఈ ఊళ్లో ఎట్ల బతుకుతావో చూస్తా" అని కసిరాడాయన.

జనం వచ్చేశారు. అందరికంటే ముందు, నోట్లో మాట దాగని ఓబులమ్మవ్వ, వెనక మోకులు పట్టుకున్న మగవాళ్లు. ఇంతలో రాయుడు ఇద్దరు మనవరాళ్లను వెంటబెట్టుకుని అడ్డం వచ్చాడు.

"అందరికీ మతి పోయిందేమప్పా? ఇదో, నా మనవరాండ్లనే ఎక్కిస్తా. ఎవురు దించుతారో దించండి. తిప్పు, ఎర్రప్పా!"

ఎర్రప్పకు పైప్రాణాలు పైనే పోయాయి.

"వద్దన్నా! జనం కోపంగా ఉండారు. పిల్లోళ్లను తీసుకపోన్నా!"

"నేనుండా కదా! నీకేం భయం?"

పిల్లలు అప్పటికే తొట్టిలో కూర్చుని నవ్వుతున్నారు. పైన ఇరుసు కిర్రుమంది. ఎర్రప్ప ఆ తొట్టిని రెండు చేతులా వాటేసుకుని కదలనివ్వలేదు.

అప్పుడే పడమట ఉరిమింది. అందరూ తలలెత్తారు. కొండ మీద నల్లటి మబ్బు.

"చూడండి, రాట్నం ఉండంగానే మబ్బొచ్చె!" అన్నాడు రాయుడు.

మోకులు పట్టిన చేతులు సడలాయి. "సామి మన మొగం చూసినాడయ్యా!" అంటూ కదిరమ్మ దండం పెట్టింది. మొగుడి వైపు తిరిగితే అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. కళ్లు మబ్బు మీదే ఉన్నాయి, పెదాలు ఏదో గొణుగుతున్నాయి. మొక్కుకుంటున్నాడు కాబోలు అనుకుంది.

గాలి లేచింది. మబ్బు చెదిరి మెల్లగా కదిరి వైపు జరిగిపోయింది.

"చూస్తిరా! కండ్ల ముందరే తరిమె!" అని ఓబులమ్మవ్వ గుండెలు బాదుకుంది.

ఇక రాయుడు తనే పిల్లల్ని దించుకుని పక్కకు తప్పుకున్నాడు. మోకులు పడ్డాయి. "దూరం జరగండప్పా, అందరూ దూరం జరగండి!" అని ఎర్రప్ప అరిచాడే గానీ అడ్డం పోలేదు. గుంజలు వాలాయి. రాట్నం నేలను తాకగానే ఇరుసు రెండు ముక్కలైంది. లోపలంతా చెదలు తిన్న పొడి.

జనం చల్లబడి ఇళ్లకు మళ్లారు. ఎర్రప్ప ఆ ముక్కల పక్కన కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఏడవడా మరి, కూడు పెట్టిన రాట్నం! కదిరమ్మ పరుగున పోయి ఓబులమ్మవ్వ చెయ్యి పట్టుకుంది.

"మా నోట్లో మన్ను కొడితివి గదవ్వా! ఈ పాడుమాట నీకెవురు చెప్పినారు?"

అవ్వ బిత్తరపోయి చూసింది.

"ఎవురికీ చెప్పొద్దని నాకు చెప్పింది నీ మొగుడే గదమ్మా!"