మొండి ఉక్కు

కత్తిని చూడగానే సానపట్టే ఆవిడ గుండె జారిపోయింది.

జానెడు కూడా లేదు. మడత లేని చిన్న కత్తి. సన్నటి అలుగు. మొన మాత్రం గోరంత విరిగి ఉంది. దాన్ని బల్ల మీద పెట్టినవాడు కొట్టు తలుపు దగ్గరగా వేసి, తడిసిన జుట్టు దులుపుకున్నాడు. బయట వాన దంచికొడుతోంది.

"పదును పెట్టాలక్కా. తొందరగా."

ఆ కత్తి పుట్టింది ఆవిడ చేతుల్లోనే. పెళ్ళికి అల్లుడికిచ్చింది. తోలు సంచులు కుట్టే పని అతనిది. రోజూ కత్తి నూరుకునే ఓపిక లేని మనిషి కదాని, ఏరికోరి మొండి ఉక్కు పట్టీ తెచ్చి, వేళ్ళు అరిగేలా రుద్ది చేసింది. ఆ అల్లుడు ఎండాకాలంలో కాలువ గట్టున శవమై కనిపించాడు. పక్కటెముకల్లో ఇరుక్కున్న ఉక్కు ముక్క ఒక్కటే పోలీసుల చేతిలో మిగిలింది. కత్తీ దొరకలేదు, చంపినవాళ్ళూ దొరకలేదు.

"ఎక్కడిదిది?" అడిగింది.

"దొరికింది."

"ఎక్కడ?"

"ఎక్కడైతే ఏంటిలే అక్కా. పని కానివ్వండి." చూపు పక్కకి తిప్పుకున్నాడు.

లోపలి గదిలో మంచం కిర్రుమంది. అతను చటుక్కున తలెత్తాడు.

"లోపలెవరు?"

"మా అమ్మాయి. జ్వరం." ఆవిడ గొంతు పెంచింది. "నువ్వు లేవకమ్మా! బయటికి రాకు. బేరం వచ్చిందంతే!"

మంచం మళ్ళీ కదల్లేదు.

"ఇక్కడ వదిలేసి వెళ్ళండి. రేపిస్తాను."

"కుదరదు. తీసుకునే పోతా. మిషను మీద రెండు తిప్పులు తిప్పితే అయిపోదా?"

"మామూలు ఉక్కయితే అయిపోను. రాయి మీద నాలుగు లాగులు లాగితే వెంట్రుక తెగుద్ది. వారానికి మొద్దుబారుద్ది. తడి తగిలితే తుప్పు. ఇది ఆ జాతి కాదు. తుప్పు రాదు, పదును పోదు. పోయిందా, మళ్ళీ రప్పించడం ఎవరి తరమూ కాదు. మిషను వేడికి ఉక్కు చస్తుంది. వజ్రపు పొడి పలక మీద చేత్తో రుద్దాల్సిందే."

"ఎంతసేపు?"

"దాని దయ, మన ప్రాప్తం."

అతను పీట లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. "మొన జోలికి పోకండి. అంచు తెగితే నాకు చాలు."

"విరిగిన మొనతో ఇస్తే నా పేరు పోద్ది. ఉండండి."

పలక మీద నీళ్ళు చల్లింది. రుద్దడం మొదలుపెట్టింది. మామూలు ఉక్కుతో చేసి ఉంటే ఎంత బాగుండేదని ఇప్పుడనిపించింది. ఉక్కు పంతం పట్టినట్టు అరగనంటోంది. పలక మీది నీళ్ళు బూడిదరంగుకి తిరగడానికే చాలాసేపు పట్టింది. అతను కళ్ళార్పకుండా చూస్తూనే ఉన్నాడు.

అప్పుడు తలుపు తెరుచుకుంది.

వీధి చివర స్టేషన్‌లోని హెడ్ కానిస్టేబులు. అల్లుడి చావు కబురు మోసుకొచ్చింది ఆయనే. వానకి తల దాచుకోవడానికి లోపలికొచ్చాడు.

ఆవిడ పైప్రాణాలు పైనే పోయాయి. పీట మీదివాడు తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయాడు.

"ఏమ్మా, అమ్మాయి ఎట్లా ఉంది?"

ఒక్క మాట చాలు. ఒక్క సైగ చాలు. ఆవిడ పలక మీద మరికొన్ని నీళ్ళు చల్లింది. లోపల కూతురుంది.

"అట్లాగే ఉందయ్యా," అంది చివరికి.

"ఏంటిది, ఇంత బుల్లి కత్తి?" కానిస్టేబులు చెయ్యి చాచాడు.

"ముట్టుకోకండి!" ఆవిడ అరిచినంత పనిచేసింది. "అంచు లేచి ఉంది. చెయ్యి తెగుద్ది."

ఆయన నవ్వి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వాన కాస్త తెరిపియ్యగానే గడప దాటుతూ ఆగాడు. "ఆ దుర్మార్గుడు ఎక్కడికీ పోడమ్మా. ఎప్పటికైనా పట్టుకుంటాం."

పిలిస్తే వెనక్కి వచ్చేవాడే. ఆవిడ పిలవలేదు. తల వంచుకుని రుద్దుతూనే ఉంది.

చివరికి కాగితం ముక్క పట్టి లాగింది. చప్పుడు లేకుండా రెండుగా విడిపోయింది. కత్తిని అతని ముందుకి తోసింది.

"పోలీసుకి చెప్తారేమోనని హడలి చచ్చానక్కా," అన్నాడతను, ఊపిరి వదుల్తూ.

ఆవిడ గోడకి ఆనుకుంది.

"కాలువలో పూడిక తీస్తుంటే బురదలో కనపడింది. దొరికినవన్నీ ఆఫీసులో అప్పజెప్పాలంటారు. నాకేమో కత్తులంటే పిచ్చి. జేబులో వేసేసుకున్నా. ఈ ముక్క మా మేస్త్రీ చెవిన పడితే ఉద్యోగం ఊడుద్ది. ఎవరితో అనకండేం?"

"అనను బాబూ."

"అదేంటి, ఇంత పొట్టిదైపోయింది? వేరే కత్తిలాగుంది!"

"మొండి ఉక్కు కదా. కొత్త మొన రావాలంటే ఆ మాత్రం తినాల్సిందే."

అతను మురిసిపోతూ కత్తిని గుడ్డలో చుట్టుకుని వానలోకి వెళ్ళిపోయాడు.

ఆవిడ తలుపు గడియ వేసింది. అక్కడే కూలబడింది.

కూతురు గోడ పట్టుకుని బయటికొచ్చింది. పెళ్ళయ్యాక మెడ మీద పడ్డ మచ్చని అలవాటుగా చేత్తో కప్పుకుంటూ తల్లి పక్కన చేరింది.

తల్లి ఆమెని దగ్గరికి లాక్కుని, చెవిలో మెల్లగా అంది.

"నీ మొగుడి ఒంట్లో నువ్వు విరగ్గొట్టిన ముక్క ఇక ఏ కత్తికీ అతకదులేమ్మా."