పగలని పూత

పెనుబల్లి దాటాక అడవి అంచున, దుమ్ము ఉండదని, జనం ఉండరని కంపెనీ వేసిన షెడ్డులో మోతీలాల్ ఒక్కడే ఉంటాడు. ఉపగ్రహం కోసం తయారైన నానో పూతను ఒక రేకుకు పూసి ఇచ్చారు. దాన్ని సలసలా కాగే వేడిలో పెట్టడం, వెంటనే గడ్డకట్టే చలిలో పెట్టడం, ఆపైన మైక్రోస్కోపు కింద చూడటం అతని పని. పగులు కనిపించిన రోజున షెడ్డుకు తాళమే.

రోజూ సాయంత్రం హైదరాబాద్ నుంచి విశ్వనాథం సార్ ఫోన్ చేస్తారు. రోజంతటికీ మోతీలాల్ వినే మనిషి గొంతు అదొక్కటే.

"పగిలిందా?"

"లే సార్."

"తిన్నావా?"

"తిన్న సార్."

ఆ సాయంత్రం మాత్రం అబద్ధం నోటికి రాలేదు.

"సార్, మొన్ననే పగిలింది. చెప్తే మీరు ఇగ ఫోన్ చెయ్యరని చెప్పలే."

 

"ఆ ఉపగ్రహం వేరే పూతతో పోయిన నెలే వెళ్లిపోయిందయ్యా. పరీక్ష ఆపేయమన్నారు. నేనే నీకు చెప్పలేదు."

మళ్లీ సారే అడిగారు.

"తిన్నావా?"