బాలింత గుర్రం

యాలాల్‌లో బాలప్ప ఇంటి కొట్టంలో గుర్రం ఈనింది. ఊరేగింపుల్లో తిప్పి తిప్పి, చిక్కిపోయాక ఎవరో రోడ్డున వదిలేస్తే, నెల క్రితం జాలిపడి తెచ్చుకున్నారు. అది చూలుతో ఉందని ఎవరికీ తెలియదు.

బాలప్ప తల్లి భాగమ్మ ఉడికించిన ఉలవలు పెట్టి, దాని మెడ నిమిరింది.

"కడుపుతోని ఉన్నదాన్ని గట్లెట్ల తిప్పిండ్రో, మనసు లేనోళ్లు! బాలప్పా, మూడు నెలలు దీనికి ఏ పనీ చెప్పకు."

కోడలు పద్మారాణి గుర్రప్పిల్లను గోనెపట్టాతో తుడుస్తోంది. తలెత్తలేదు.

"నన్ను కంది కోతకు తోలిననాడు నేను గూడ కడుపుతోనే ఉంటి, ఏడో నెల, అత్తమ్మా."

"నొప్పులొస్తయని నాకేమెర్క?"

"చెప్పిన గద. సాకులన్నవ్."

భాగమ్మకు ఆ రోజు రక్తపు చీరతో చేనులోంచి వచ్చిన కోడలిని, మిగిలిన సాళ్లు ఎవరు కోస్తారని తాను అడిగిన మాట గుర్తొచ్చింది.