పూసలమ్మాయి పరీక్ష

"డాక్టరు చీటీ ఏదమ్మా?"

పూసలమ్మాయి తలెత్తకుండానే అడిగింది.

"నాకు చీటీ ఎందుకు తల్లీ? నేనెప్పుడూ వచ్చేదాన్నేగా!"

పెద్దావిడ కుర్చీలో చతికిలబడి చెయ్యి చాపింది. వేళ్ళన్నీ వంకర్లు తిరిగి ఉన్నాయి.

పూసలమ్మాయి ల్యాబ్‌లో చేరి ఇంకా ఏడాది కాలేదు. ఈవిడనెప్పుడూ చూడలేదు.

"పక్కకి కూర్చోండి మామ్మగారూ. ఇవాళ నా పూసలకి పరీక్ష."

"పూసలా? దండలు గుచ్చుతావా ఏంటి?"

"ఇవి కంటికి కనబడవు. ఈ పాలలాంటి నీళ్ళలో ఉంటాయి. కీళ్ళవాతం ఉన్నవాళ్ళ సీరం, అదే రక్తం గడ్డకట్టాక పైన తేలే నీరు, ఒక్క చుక్క తగిలిందా, పాలు విరిగినట్టు పలుకులు కడతాయి. యంత్రం అక్కర్లేదు, ఏమీ అక్కర్లేదు."

చెబుతుంటే ఆమె గొంతులో గర్వం దాగలేదు. ఆ సీసా తన చేతులతో తయారుచేసింది మరి. ఇవాళ పెద్ద డాక్టరుగారు చూసి సరేనంటే, చిన్న చిన్న ఆసుపత్రులన్నిటికీ ఇదే వెళుతుంది. కాదంటే సింకులోకే.

"బాగుంది తల్లీ. మరి చెయ్యి చూడు."

"చెప్పానుగా! చీటీ రాయించుకుని రేపు రండి."

"రేపటికి నేనెక్కడుంటాను? మా అమ్మాయి దగ్గరికి మకాం మార్చేస్తున్నాను. బండెక్కేముందు ఒకసారి ఇచ్చిపోదామని..."

"అయితే అక్కడే చేయించుకోండి. అక్కడా ల్యాబులుంటాయి."

పెద్దావిడ నవ్వేసింది.

"ఉంటాయిలే. మీ సారుకి వచ్చానని చెప్పు. నీ పూసలు నెగ్గాలి, అదీ ముఖ్యం!"

మోచేత్తో తలుపు నెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ మాట పూసలమ్మాయి చెవికెక్కనే లేదు.

కాసేపటికి ల్యాబ్ చూసుకునే పెద్దసారు, ఆయన వెంట ఆ పెద్ద డాక్టరుగారు వచ్చారు.

ఏ రోగి రక్తాన్నైనా ముట్టుకునే ముందు ఆ ల్యాబ్‌లో ఒక పద్ధతి ఉంది. కీళ్ళవాతం ఉందని ముందే తెలిసిన సీరం ఫ్రిజ్‌లో ఉంటుంది. మొదట దానితో చూడాలి. అది పలుకులు కట్టకపోతే పరీక్షనే నమ్మరు.

పూసలమ్మాయి ధీమాగా ఆ సీరం చుక్క నల్లటి పలకమీద వేసింది. పక్కన తన సీసాలోంచి ఇంకో చుక్క. పుల్లతో కలిపి, పలకని అటూ ఇటూ వంచింది.

ఏమీ కాలేదు. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

డాక్టరుగారు కళ్ళజోడు సర్దుకున్నారు.

పూసలమ్మాయి తన సీసా వంక చూసి నాలిక్కరుచుకుంది. పూసలన్నీ అడుక్కి దిగిపోయి ఉన్నాయి!

"కంగారులో కుదపడం మర్చిపోయాను సార్! పైనున్న వట్టి నీళ్ళే పడ్డాయి. మళ్ళీ చేస్తాను, చూడండి, తప్పకుండా కడుతుంది."

గట్టిగా కుదిపింది. సీరం సీసా వంచింది. చుక్క రాలేదు. సీసా అడుగున తట్టింది. అయినా రాలేదు.

"సార్, ఇది అయిపోయింది. కొత్తది తీయనా?"

"కొత్తదెక్కడిదమ్మా? ఇవాళ నింపుకోవచ్చనే కదా నేనూ నిశ్చింతగా ఉన్నాను!"

డాక్టరుగారు వాచీ చూసుకుని లేచారు. "పోనీండి, వచ్చే ఏడాది చూద్దాం."

పెద్దసారు గుమ్మం వైపు చూస్తూ అన్నారు:

"వేళ్ళు వంకర్లు తిరిగిన మామ్మగారొకరు వస్తానన్నారే... ఇన్నేళ్ళుగా మన పరీక్షలు నిజం చెబుతున్నాయో లేదో తేల్చింది ఆవిడిచ్చిన రక్తమేనమ్మా."