రోగం బాబాయ్

ఆరో విద్యార్థిని లోపలికి రాగానే అతను మంచం మీద సర్దుకుని కూర్చున్నాడు.

నాటకాలు ఆడే రోజుల్లో అతనివన్నీ రాజు వేషాలే. నాటకాలు మూలనపడ్డాక వైద్య కళాశాలలో రోగి వేషానికి కుదిరాడు. పరీక్షల నాడు ప్రొఫెసరు ఏ జబ్బు రాసిస్తే ఆ జబ్బు పడతాడు. అదేమిటో విద్యార్థులు కనిపెట్టాలి. పన్నెండేళ్లలో అతనికి రాని రోగం లేదు. అందరూ 'రోగం బాబాయ్' అంటారు. క్యాంటీన్లో తుమ్మినా, డాక్టర్లతో సహా "భలే చేశావు" అని నవ్వుతారు.

పొద్దుట్నుంచి వచ్చిన ఐదుగురూ గడియారం చూసుకుంటూ ప్రశ్నలు వల్లించి పోయారు. ఈ పిల్ల వేరు. పోయినసారి తప్పింది. ఈసారీ తప్పితే ఇంట్లో చదువు మానిపిస్తారట. అయినా కంగారు పడకుండా కుర్చీ దగ్గరికి లాక్కుని అతని ముఖంలోకి చూసింది.

"ఏమైంది బాబాయ్?"

"గట్టిగా ఊపిరి పీలిస్తే ఇక్కడ పొడుస్తోందమ్మా," అని ఛాతీకి కుడిపక్కన చెయ్యి పెట్టుకున్నాడు. "మూడు రోజులైంది."

"దగ్గు, జ్వరం ఉన్నాయా?"

"లేవు."

"బరువులేమైనా ఎత్తారా? ఎక్కడైనా పడ్డారా?"

"లేదమ్మా."

కండరం పట్టేయడం, పక్కటెముక దెబ్బ, నెమ్ము, గుండె. ఆ జాబితా అతనికి కంఠతా వచ్చు. పిల్ల ఒక్కోటీ కొట్టేస్తూ పోతోంది. ఇంకొక్క మెట్టు ఎక్కవే తల్లీ అని లోపల్లోపల వెయ్యి దేవుళ్లకు మొక్కుకున్నాడు.

ఆమె కలం ఆపింది. "ఈమధ్య దూరప్రయాణం చేశారా?"

"బస్సులో ఇరవై గంటలు. కాలు కదపడానికి చోటు లేదు."

ఆమె వంగి అతని పిక్క నొక్కింది. అతను పళ్లు బిగబట్టాడు.

"కాల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తిలోకి పోయుండొచ్చు బాబాయ్. ప్రాణం మీదికొచ్చే జబ్బు. ఈ పూటే ఆసుపత్రిలో చేర్చాలని రాస్తున్నా." తర్వాత నవ్వింది. "కళ్లలో నీళ్లు కూడా తెప్పించుకున్నారు. మీ నటనకు దండం."

అతను నుదుటి చెమట తుడుచుకున్నాడు.

గంట కొట్టారు. పిల్ల తను రాసిన కాగితం పట్టుకుని, పక్కగదిలో మార్కులు వేసే ప్రొఫెసరు దగ్గరికి వెళ్లింది. రెండు నిమిషాలకు ఆ కాగితంతో ఆయనే వచ్చాడు. వెనకాలే పిల్ల, ముఖం పాలిపోయి.

"ఏమయ్యా," అన్నాడు ప్రొఫెసరు, "ఐదుగురికీ నేను రాసిచ్చిన తలనొప్పే చెప్పి, ఈ అమ్మాయికి మాత్రం ఛాతీ నొప్పని ఎందుకు చెప్పావు?"