సల్ల గుండు

"ఈ చీటీ రాసిందెవరు?"

వచ్చినాయన అరచేతంత కాగితాన్ని దుకాణం బల్ల మీద చప్పున కొట్టి అడిగాడు. అరవై దాటిన మనిషి. ఎండకు టోపీ పెట్టుకున్నాడు. ముఖం చూస్తే వర్ని నుంచి బస్సెక్కింది పొట్లాటకే అన్నట్టుంది.

పసుపు జల్లిస్తున్న ఎల్లవ్వ చేతులు ఆగిపోయాయి. కోడలు సువర్ణ ఆమె వైపు చూసింది. 'నేను చెప్పలే?' అన్నట్టుంది ఆ చూపు.

పొద్దున కంఠేశ్వర్‌లో దుకాణం తలుపు తీసినప్పటి నుంచీ అత్తాకోడళ్ల మధ్య ఆ చీటీల పంచాయితీయే నడుస్తోంది. అమ్మిన ప్రతి పసుపు పొట్లంలో ఎల్లవ్వ కొన్నవాళ్ల పేరు పెట్టి, తన చేత్తో రెండు మాటలు రాసి వేస్తుంది. సువర్ణ ఇక ఆగలేక రఫీక్ ప్రెస్సులో రంగు చీటీలు కొట్టించి తెచ్చింది. 'ధన్యవాదములు' అని, చుట్టూ పూలతీగతో. ఎల్లవ్వ ఆ కట్ట దారం కూడా విప్పనివ్వలేదు.

"అచ్చు చీటీ అందరికి ఒక్కటే మాట జెప్తది. పేరు రాస్తేనే మనిషిని పిలిసినట్టు."

"నీ రాతల తప్పులుంటయత్తా! ఎన్నడో ఓనాడు ఎవరన్న మీదికొస్తరు."

"వస్తే నేనే జవాబు జెప్త."

ఇదిగో, వచ్చాడు.

"సార్, అది... ప్రెస్సోళ్లు జేసిన తప్పు" అంది సువర్ణ గబగబా.

"ప్రెస్సుల బాల్‌పెన్నుతోని రాస్తున్నరా ఇప్పుడు?"

ఎల్లవ్వ పసుపు చేతులు కొంగుకు తుడుచుకుని లేచింది. "నేనే రాసిన."

"అయితే సదువు. గట్టిగ సదువు."

ఆమె కళ్లద్దాలు పెట్టుకుంది. రెండేండ్ల కిందటే అక్షరాలు నేర్చిన మనిషి, చదివితే వేలు పెట్టే చదువుతుంది. "రాజారాం బిడ్డా, మా పసుపు కొన్నవు, సంతోషం. సల్లగుండు. ఎల్లవ్వ."

"అట్లనే ఉన్నదా? మంచిగ సూడు."

చూసింది. 'సల్ల' ఒక చోట ఉంది. 'గుండు' ఇంకో చోట ఉంది. నడుమ చీమల బారు పోయేంత జాగా. రెండక్షరాలు రాయగానే చెయ్యెత్తి వేళ్లు విదిలించుకోవడం ఆమె అలవాటు. ఎత్తక ఎత్తక అక్కడే ఎత్తింది.

రాజారాం టోపీ తీశాడు. వెంట్రుకన్నది లేని నెత్తి ట్యూబ్‌లైటు కింద తళతళా మెరిసింది.

"సల్ల గుండు! నా నెత్తి సల్లకుండ బోర్లించినట్టే ఉన్నదట. మూడు రోజులాయె, మా ఇంట్ల నన్ను పేరు పెట్టి పిలిసేటోళ్లు లేరు. మా ముసల్ది గూడ, 'సల్ల గుండూ, సాయ తాగుతవా?' అంటున్నది."

సువర్ణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో భయమో ఎల్లవ్వకు అంతుబట్టలేదు. తన చెవులు మాత్రం వేడెక్కాయి. దీవెన రాయబోతే తిట్టయి కూర్చుంది!

"ఇయ్యాలటి నుంచి అన్ని అచ్చు చీటీలే సార్. ఇగ సూడుండ్రి" అంటూ సువర్ణ కట్ట తీసి దారం ముడి పట్టుకుంది.

ఎల్లవ్వ ఆ ముడి మీద చెయ్యి వేసింది. "ఆగు." తర్వాత రాజారాం వైపు తిరిగింది. "తప్పు నాదే బిడ్డా. నువ్వు సల్లగ ఉండాలెనని రాసిన, గిట్లయింది. తప్పు దిద్దుకుంట. రాసుడు మాత్రం ఇడువ."

"అట్లనా? అయితే నా ముందల రాయి. సూస్త."

"సువర్ణా, కలిపి ఎట్ల రాయాలెనో సూపియ్యి."

కోడలు నిట్టూర్చి ఒక కాగితం మీద రాసి చూపించింది. ఎల్లవ్వ పెన్ను పట్టింది. 'సల్ల' రాయగానే చెయ్యి దానంతటదే లేచింది. కొట్టేసింది. రెండోసారీ లేచింది. కొట్టేసింది. మూడోసారి ఎడమచేత్తో కుడి మణికట్టును అదిమి పట్టుకుని, ఊపిరి బిగబట్టి రాసింది.

సల్లగుండు.

ఒక్క మాట. నడుమ చీమ కాలు పెట్టే సందు కూడా లేదు. నుదుటి చెమట తుడుచుకుంటే పసుపు నొసలంతా అంటుకుంది.

"ఇగో, తీస్కో. ఇగ సచ్చేదాంక ఇడగొట్టి రాయ."

రాజారాం ఆ చీటీని వెలుతురుకు పట్టి చూశాడు. ముఖం ఇంకా ముడుచుకుంది. చీటీని తిరిగి బల్ల మీద పెట్టేశాడు.

"గిది నాకొద్దు."

"ఎందుకొద్దు సార్?" సువర్ణకు ఉక్రోషం వచ్చింది. తానే రాసినంత ఉక్రోషం. "ముసల్ది చెమటలు గార్చి రాసింది. దీంట్ల తప్పేమున్నది?"

"తప్పు లేదు బిడ్డా. గదే తక్కువైంది."

పాత చీటీని నలగకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు. టోపీ తీసి నెత్తిన పెట్టుకోబోయి, ఎందుకో చంకలో ఇరికించుకున్నాడు.

"ఆదివారం మా మనుమనికి పుట్టెంట్రుకలు తీపిస్తున్నం. వచ్చినోళ్లకు పంచనీకె మూడు వందల పసుపు పొట్లాలు కావాలె. అవ్వా, జర ఇనుకో. ఒక్క చీటీల గా రెండు మాటలు కలిపి రాసినవో, పొట్లాలన్ని వాపస్ తెస్త!"